పెరుగుతున్న సరస్సులు, తరుగుతున్న మంచు

వర్షచ్ఛాయ అంటే ఏమిటో అనంతపురం జిల్లావాసులకు పాఠ్యపుస్తకం చెప్పనక్కరలేదు. నైరుతి మేఘాలు పశ్చిమ కనుమల మీదనే తమ భారమంతా దించుకొని, ఖాళీ కడవలతో మన వైపు వస్తాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. ముప్పయ్యేళ్ళు బడిపిల్లలకు ఈ పాఠం చెప్పి పదవీ విరమణ చేసిన నాకు, భూగోళపు అవతలి అంచున ఉన్న న్యూజిలాండ్‌లోనూ అదే పాఠం ఎదురైంది.

ఆ దేశపు దక్షిణ ద్వీపానికి పడమటి అంచున సదరన్ ఆల్ప్స్ పర్వతాలు వెన్నెముకలా నిలిచి ఉన్నాయి. పడమటి సముద్రం నుండి వచ్చే మేఘాలను అవి అడ్డుకుంటాయి. పర్వతాల ఒడిలోని అవొరాకి గ్రామంలో ఏడాదికి నాలుగు వేల మిల్లీమీటర్ల వాన కురిస్తే, తూర్పున కొద్ది దూరంలోనే ఉన్న టెకాపోలో ఆరు వందలకు మించదు. అంటే టెకాపో మా అనంతపురానికి దాయాది వంటిది. అయితే ఆ ఎండిన నేల నడుమ, కంటికి ఆవలి గట్టు ఆనని సరస్సులు పరచుకొని ఉన్నాయి. కారణం వాన కాదు, వెనుకనున్న మంచు. మేము ఐదుగురం జనవరి మొదటి వారంలో ఐదు రోజులపాటు క్యాంపర్‌వ్యాన్‌లోను, కాలినడకన ఆ సరస్సుల చుట్టూ తిరిగాము. వాటి అందాన్ని పాఠకులతో పంచుకోవాలన్నది నా కోరిక. ఆ అందం దేనిని ఖర్చు చేసి వస్తున్నదో చెప్పడం అంతకంటే ముఖ్యమని నా భావన.

నడిచే ఇల్లు, కొలిచిన నీరు

క్యాంపర్‌వ్యాన్ అంటే చక్రాల మీద ఉన్న చిన్న ఇల్లు. పడకలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, చేతులు కడుక్కునే తొట్టి, మరుగుదొడ్డి అన్నీ అందులోనే అమరి ఉంటాయి. పగటి వేళ భోజనపు బల్లగా ఉన్నదే రాత్రికి మడతలు మార్చుకొని మంచం అవుతుంది. అక్కడ కూడా మనలాగే ఎడమవైపు వాహనాలు నడుపుతారు కనుక మా అల్లుడికి ఆ విషయంలో ఇబ్బంది కలుగలేదు. ఒకే వాహనం పట్టే వంతెనల దగ్గర ఎవరు ముందు వెళ్ళాలో బాణం గుర్తులు చెబుతాయి. ఎర్ర బాణం మన వైపు ఉంటే ఆగి ఎదుటివారికి దారి ఇవ్వాలి.

ఆ ఇంటికి ఉన్న అసలైన నియమం నీటి లెక్క. న్యూజిలాండ్‌లో ఊరి బయట అనుమతి ఉన్న చోట వాహనం నిలుపుకొని రాత్రి గడపాలంటే, ఆ వాహనం స్వయంసమృద్ధమైనదన్న ధ్రువపత్రం ఉండాలి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకు సరిపడా మంచినీరు, వాడిన నీటిని పట్టి ఉంచే తొట్టి, మూడు రోజుల మలమూత్రాలను భద్రపరిచే ఏర్పాటు తప్పనిసరి. 2023లో వచ్చిన చట్టం ప్రకారం మరుగుదొడ్డి వాహనంలో స్థిరంగా బిగించి ఉండాలి. పాత్రలు కడిగిన నీటిని సైతం బయట పారబోయరాదు. అందుకోసం ఊళ్ళలో ఏర్పాటు చేసిన చోటికే తీసుకువెళ్ళి వదలాలి.

మా వాహనంలోని మంచినీటి తొట్టి ఎనభై లీటర్లది. ఐదుగురికి మూడు రోజుల చట్టపు లెక్కే అరవై లీటర్లు. వంట, తాగునీరు, పాత్రలు, ఐదు పూటల వుజూ అంతా అందులోనే జరగాలి. మొదటి రోజు ఉదయమే నా భార్య ఈ బాధ్యతను తన చేతిలోకి తీసుకున్నది. వారానికొకసారి కొళాయి వచ్చే వీధిలో కాపురం చేసి, బిందెలు, డ్రమ్ములు నింపి పిల్లలను పెంచిన మనిషి ఆమె. ఒక్కొక్కరి వుజూకు ఒక్కొక్క చిన్న చెంబు కేటాయించింది. బియ్యం కడిగిన నీటితో ముందుగా గిన్నెలు కడిగింది. మా అమ్మాయి నవ్వుతూ, “అమ్మీ, ఈ దేశానికి నువ్వు ముందే వచ్చి ఉండాల్సింది” అన్నది.

దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసుకునేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ముద్ద్ అంటే ఒక దోసెడు; లీటరుకు బాగా తక్కువ. ఊళ్ళో కొళాయి తిప్పి వుజూ చేసుకునేటప్పుడు ఆ కొలత మనకు చరిత్రలోని విషయంలా తోస్తుంది. ఎనభై లీటర్ల తొట్టి ముందు నిలబడినప్పుడు అది నిత్యావసరమైన జ్ఞానమని అర్థమవుతుంది. పైగా మేము ఆ చెంబుడు నీటిని లెక్కపెట్టుకున్నది ఎడారిలో కాదు. కిటికీ తెరిస్తే చాలు, కోట్ల కొద్దీ టన్నుల మంచినీరు కనిపించే గట్టు మీద.

డీన్స్ అవెన్యూ నుండి బర్క్స్ కనుమ వరకు

మా ప్రయాణం క్రైస్ట్‌చర్చ్ నగరంలో శుక్రవారం జుమా నమాజు తరువాత మొదలైంది. డీన్స్ అవెన్యూలోని అల్ నూర్ మస్జిద్ ఎదుట విశాలమైన హాగ్లీ పార్కు, వృద్ధ వృక్షాల నీడ ఉన్నాయి. 2019 మార్చి 15న, అటువంటి శుక్రవారమే, ఆ మస్జిద్‌లోను, లిన్‌వుడ్ మస్జిద్‌లోను ఒక దుండగుడు జరిపిన కాల్పుల్లో 51 మంది షహీదులయ్యారు. వారిలో మన హైదరాబాద్ మూలాలున్నవారూ ఉన్నారు. అనంతపురంలో అప్పుడు తెల్లవారి ఆరు గంటలు. మా అమ్మాయి ఫోను ఎత్తే వరకు గడిచిన ఆ నలభై నిమిషాలను నా భార్య ఇప్పటికీ మాటల్లో చెప్పదు. నాటి నుండి “అక్కడ బయట నమాజు చదవకు, తల మీది వస్త్రం అందరికీ కనబడేలా తిరగకు” అని తల్లి చెప్పడం, “భయంతో ఇల్లు కట్టుకోలేం అమ్మీ” అని కూతురు బదులివ్వడం మా ఇంట ప్రతివారం సాగే సంభాషణ. ఈ ప్రయాణాన్ని మా అమ్మాయి పట్టుబట్టి ఏర్పాటు చేయడానికి గల కారణాల్లో అది ఒకటని నాకు తెలుసు.

నగరం దాటి దక్షిణానికి సాగితే కాంటర్‌బరీ మైదానం. గొర్రెల మందలు, పాడి ఆవులు, గాలిని అడ్డుకోవడానికి గోడల్లా పెంచిన చెట్ల వరుసలు చూస్తూ జెరాల్డిన్, ఫెయిర్లీ అనే చిన్న ఊళ్ళు దాటాము. చిన్న ఊళ్ళలో హలాల్ అని రాసి ఉన్న దుకాణం దొరకడం కష్టం. అందువల్ల మాంసం నగరంలోనే కొని ఫ్రిజ్‌లో పెట్టుకున్నాము. భారతీయ దుకాణంలో కొన్న బొరుగులతో మరుసటి ఉదయం ఉగ్గాణి సిద్ధమైంది.

బర్క్స్ కనుమ సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. దానిని దాటగానే లోకం మారిపోతుంది. పచ్చిక మాయమై, ఎండిన వరిదుబ్బుల రంగులో ఉండే టస్సాక్ గడ్డి కొండల నిండా కనిపిస్తుంది. చెట్లు అరుదు. ముళ్ళ పొదలు, పొడి గాలి, విశాలమైన ఆకాశం. నా భార్య కిటికీ గుండా చూసి, “ఇది మన కళ్యాణదుర్గం దారిలా ఉంది” అన్నది. మేఘాలు పర్వతాల వద్దే ఆగిపోయిన జాడ అది. వర్షచ్ఛాయకు ఎక్కడైనా ఒకటే ముఖం.

టెకాపో: పాలు కలిసిన నీలం

టెకాపో సరస్సు 710 మీటర్ల ఎత్తున ఉన్నది. తొలిసారి చూసినవారు ఆ రంగును నమ్మలేరు. నీలంలో పాలు కలిపినట్టు, ఒకింత ఆకుపచ్చ తొణికినట్టు ఉంటుంది. కారణం తెలుసుకుంటే ఆశ్చర్యం తగ్గకపోగా పెరుగుతుంది. హిమానీనదం, అంటే కొండ లోయలో అతి నెమ్మదిగా జారే మంచు ప్రవాహం, తన కింది బండలను తిరగలిలా నూరుతుంది. ఆ నూరిన రాతి పిండి కరిగిన నీటితో కలిసి సరస్సును చేరుతుంది. గోధుమపిండి కంటే మెత్తనిది కావడం వల్ల అడుగుకు దిగక నీటిలోనే తేలియాడుతూ, వెలుగును చెదరగొడుతుంది. మనం చూసే ఆ రంగు వేల ఏళ్ళుగా నలుగుతున్న కొండ.

ఊరి పక్కనే ఉన్న మౌంట్ జాన్ కొండ ఎక్కడం మా మొదటి కాలినడక. లార్చ్ చెట్ల నీడలో మొదలయ్యే బాట కాసేపటికి నిటారుగా మారి, తరువాత బట్టతల వంటి శిఖరం మీదికి చేరుస్తుంది. పైనుండి రెండు సరస్సులు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకవైపు పాలనీలపు టెకాపో, మరొకవైపు ముదురు నీలపు అలెగ్జాండ్రినా. అలెగ్జాండ్రినాకు హిమానీనదంతో సంబంధం లేదు. ఊటలు, వాగులు దానిని నింపుతాయి. అందులో ఇంజను పడవలకు అనుమతి కూడా లేదు. నీటికి తన పుట్టుక రంగులోనే తెలుస్తుందని చూపడానికి ఇంతకంటే మంచి తరగతి గది నాకు ముప్పయ్యేళ్ళలో దొరకలేదు.

ఒడ్డున లూపిన్ పూల కాలం ముగింపుకు వచ్చింది. ఊదా, గులాబీ, పసుపు రంగుల కంకులు అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. సందర్శకులు వాటి నడుమ నిలబడి ఫోటోలు తీసుకుంటారు. నిజానికి అది బయటి నుండి తెచ్చిన మొక్క. రాళ్ళు పరచుకున్న నదీగర్భాలను అది ఆక్రమించడం వల్ల, అక్కడి ఖాళీ గులకరాళ్ళ మీద గూడు కట్టే ‘కాకీ’ అనే నల్లని నీటిపక్షికి చోటు తగ్గుతున్నది. ప్రపంచంలోని మిక్కిలి అరుదైన పక్షుల్లో అది ఒకటి. మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఈ సంగతి విని, చేతిలోని పువ్వును చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

టెకాపో పరిసర ప్రాంతాన్ని 2012లో అంతర్జాతీయ చీకటి ఆకాశ సంరక్షిత ప్రాంతంగా గుర్తించారు. వీధి దీపాలను నేల వైపే వెలుగు పడేటట్టు అమర్చి, ఆకాశాన్ని ఆకాశంగా మిగిల్చారు. జనవరిలో అక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నరకు అస్తమిస్తాడు. ఇషా సమయం పదకొండున్నర దాటితే గాని రాదు. ఆ నిరీక్షణలో నక్షత్రాలు ఒక్కొక్కటిగా, తరువాత గుంపులుగా వెలుగుచూశాయి. దిక్కు చూపే ధ్రువతార అక్కడ లేదు. అది మన సగం భూగోళానిదే. సూర్యుడు మధ్యాహ్నం ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. అనంతపురంలో పడమరకు ఒకింత ఉత్తరంగా ఒరిగి నిలబడే మేము, అక్కడ పడమరకు ఒకింత దక్షిణంగా ఒరిగి నిలబడ్డాము. దిక్కులన్నీ తలకిందులైనా సఫ్ చేరే చోటు మాత్రం మారలేదు.

పుకాకి: ఎనిమిది సార్లు పనిచేసే నీరు

మూడవ రోజు పుకాకి సరస్సు గట్టున ఆగాము. ఆ నీటికి ఆవల, ఉత్తరపు అంచున, 3,724 మీటర్ల అవొరాకి శిఖరం తెల్లగా నిలిచి ఉన్నది. న్యూజిలాండ్‌లో అదే అత్యున్నతం. ఆ పర్వతం ఆ ప్రాంతపు మావోరీ తెగ ఙాయ్ తహు వారికి పూర్వీకునితో సమానం. 1998లో ప్రభుత్వం వారితో చేసుకున్న పరిష్కారం తరువాత పాత ఇంగ్లీషు పేరుకు ముందు అవొరాకి అన్న పేరు అధికారికంగా చేరింది. వారి మన్ననకు విలువనిచ్చి, పర్వతారోహకులు శిఖరపు చిట్టచివరి కొనపై పాదం మోపకుండా ఆగవలసిందిగా కోరుతారు. చేరుకోగలిగిన చోటుకు సైతం ఒక్క అడుగు ఇవతల ఆగడం ఎంతటి మర్యాద!

పుకాకి సహజంగా ఇంత పెద్దది కాదు. విద్యుత్తు కోసం ఆనకట్టలు కట్టి రెండు దఫాలుగా నీటిమట్టాన్ని పెంచారు. 1970లలో జరిగిన రెండవ పెంపు ఒక్కటే 37 మీటర్లు. ఒకప్పటి ఐదు పౌన్ల నోటు మీద ముద్రించిన చిన్న ద్వీపం ఆ నీటి అడుగున ఉండిపోయింది. టెకాపో నీరు కాలువల గుండా పుకాకికి, అక్కడి నుండి ఒహావుకు, వైటాకి నదికి దిగుతూ మొత్తం ఎనిమిది విద్యుత్ కేంద్రాలను తిప్పి పసిఫిక్ మహాసముద్రాన్ని చేరుతుంది. ఒకే నీటి చేత ఎనిమిది సార్లు పని చేయించుకునే ఆ పొదుపును, తుంగభద్ర ఎగువ కాలువ చివరి భూములకు నీరందని కథలు విన్న నా వంటివాడు మెచ్చుకోక తప్పదు. ఆ కాలువల్లోనే సాల్మన్ చేపలను పెంచుతారు. ఒడ్డున కొన్న తాజా చేప ఆ రాత్రి మా పొయ్యి మీద పులుసయింది. చేపకు జబహ్ చింత లేదు కనుక ప్రయాణంలో అది మాకు గొప్ప వెసులుబాటు.

హుకర్ లోయలో నడక

పుకాకి పడమటి గట్టు వెంట యాభై అయిదు కిలోమీటర్లు వెళితే రోడ్డు ముగుస్తుంది. ఆ చివర వైట్ హార్స్ హిల్ అనే విడిది స్థలంలో వాహనాన్ని నిలిపాము. కరెంటు సదుపాయం లేదు. మన తొట్టి, మన బ్యాటరీయే ఆధారం. తెల్లవారుజామున ‘కియా’ అనే కొండ చిలుకలు వాహనం పైకప్పు మీద దిగాయి. మహా తెలివైన పక్షులు. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలను ముక్కుతో పీకడం వాటికి వేడుక. వాటికి తిండి పెట్టరాదని అక్కడ రాసి ఉన్నది. మనిషి తిండి అలవాటైతే వాటి ప్రాణానికే ముప్పు.

హుకర్ లోయ బాట పోయి రావడానికి పది కిలోమీటర్లు, సుమారు మూడు గంటల నడక. ఎక్కుడు తక్కువ కనుక అరవై దాటిన మాకు కూడా కష్టమనిపించలేదు. మూడు ఊయల వంతెనలు దాటాలి. కింద బూడిద రంగు నది గర్జిస్తూ ఉంటే, అడుగు వేసిన ప్రతిసారీ వంతెన ఊగుతుంది. దారిలో ఫ్రీడాస్ రాక్ అనే బండ ఉన్నది. 1910లో అవొరాకి శిఖరాన్ని అధిరోహించిన తొలి మహిళ, ఆస్ట్రేలియాకు చెందిన ఫ్రీడా డు ఫార్ పేరు దానికి నిలిచింది. ఎడమవైపు మౌంట్ సెఫ్టన్ మంచు కొండల నుండి అప్పుడప్పుడు ఉరుము వంటి ధ్వని వినవచ్చింది. ఆకాశంలో మబ్బు లేదు. అది మంచు విరిగి పడుతున్న శబ్దం.

బాట చివర హుకర్ సరస్సు. బూడిద కలిసిన నీటి మీద ఇల్లంత మంచుగడ్డలు తేలుతున్నాయి. ఆవల హిమానీనదపు అంచు, దానిపైన అవొరాకి. గడియారంలో ఒకటీ ముప్పావు అయితే గాని అక్కడ జుహర్ వేళ కాదు. మేము చేరేసరికి ఆ సమయమైంది. ప్రయాణికులం కనుక నాలుగు రకాతులకు బదులు రెండు. ఉదయం వుజూ చేసుకొని తొడిగిన తోలు మేజోళ్ళ మీద మసహ్ చేసుకున్నాము; ప్రయాణికునికి మూడు పగళ్ళు, మూడు రాత్రుల వరకు ఆ సౌలభ్యం ఉన్నది. చేతులకు, ముఖానికి మాత్రం ఇంటి నుండి తెచ్చిన సీసా నీరే వాడాము.

ఆ గట్టున అప్పటికి ముప్పై నలభై మంది నడకదారులు కూర్చొని ఉన్నారు. నా భార్య చేతి సంచిలోని జానమాజును బయటికి తీయకుండా కూతురి ముఖం వైపు చూసింది. మా అమ్మాయి ఏమీ మాట్లాడక, పెద్ద బండ పక్కన చదునైన చోటు చూసి, తన జానమాజు పరచింది. తరువాత తల్లిది పరచింది. సెఫ్టన్ కొండల వైపు మేము ముఖం చేసి నిలబడితే అవొరాకి మా కుడి భుజాన ఉన్నది. సలాం చెప్పి చూసేసరికి, వచ్చేవారు మా ముందు నుండి నడవకుండా బండ వెనుకగా చుట్టి వెళుతున్నారు. పక్కన కూర్చున్న వృద్ధ దంపతులు తమ మాటలను గుసగుసలకు తగ్గించుకొని ఉన్నారు. తిరుగు దారిలో నా భార్య రెండవ వంతెన దాటాక, “ఇక నేను నీకు ఆ మాట చెప్పను” అన్నది కూతురితో. ఏ మాటో ఎవరూ అడగలేదు.

టాస్మన్: నిన్న పుట్టిన సరస్సు

పక్క లోయలోని టాస్మన్ హిమానీనదం ఆ దేశంలో అన్నిటికంటే పొడవైనది; ఇరవై మూడు కిలోమీటర్ల వరకు ఉంటుంది. దానిని చూడాలంటే మూడు వందలకు పైగా మెట్లు ఎక్కాలి. దారిలో ‘బ్లూ లేక్స్’ అనే చిన్న చెరువులు ఎదురవుతాయి. పేరు నీలమే గాని, నీరు ఆకుపచ్చన. పేరు పెట్టిన కాలంలో హిమానీనదపు నీరు వాటిలోకి ఊరేది. మంచు కుంగి, ఆ ఊట ఆగిపోయాక అవి వాననీటి మడుగులయ్యాయి. వెచ్చబడిన నీటిలో నాచు పెరిగింది. పేరు మాత్రం పాత సాక్షిలా మిగిలిపోయింది.

మెట్ల పైకి చేరితే కింద బూడిద రంగు సరస్సు, కిలోమీటర్ల కొద్దీ. మా మనవరాలు తన పటంలో దాని పొడవు కొలిచే ప్రయత్నంలో పడింది. నేను చదువుకున్న నాటి పటాలలో ఆ సరస్సే లేదు. 1970ల ఆరంభం వరకు అక్కడ ఉన్నది రాళ్ళతో కప్పబడిన మంచు మాత్రమే. ఆ తరువాత మంచు మీద చిన్న చిన్న మడుగులు ఏర్పడి, ఒకదానితో ఒకటి కలిసి, ఏడాదికేడాది హిమానీనదాన్ని లోపలికి కొరుకుతూ ఇంతటి జలాశయం అయింది. హుకర్ సరస్సు కథ కూడా ఇంచుమించు అదే. 2011 ఫిబ్రవరి 22న క్రైస్ట్‌చర్చ్‌ను కూల్చి 185 మందిని బలిగొన్న భూకంపం, దూరాన ఉన్న ఈ హిమానీనదం నుండి సుమారు 3 కోట్ల టన్నుల మంచును ఒక్కసారిగా ఈ నీటిలో పడవేసింది.

న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు 1977 నుండి ఏటా వేసవి చివర చిన్న విమానంలో ఈ పర్వతాల మీదుగా ఎగిరి, మంచురేఖ ఎంత పైకి జరిగిందో ఫోటోలు తీస్తున్నారు. నాటి నుండి అక్కడి హిమానీనదాల మంచులో దాదాపు మూడో వంతు కరిగిపోయిందని వారి అంచనా. లోకమంతా కాలుస్తున్న బొగ్గు, చమురు గాలిని వేడెక్కిస్తున్నందువల్ల ఈ కరుగుదల ఇంత వేగం పుంజుకుంది.

ఇదంతా విన్న మనవరాలు, “నానా, సరస్సు పెద్దదవుతుంటే మంచిదే కదా? నీళ్ళు ఎక్కువవుతున్నాయి కదా?” అని అడిగింది.

మూలధనం

ఆ ప్రశ్నకు జవాబు అనంతపురంలోనే ఉన్నది. 14వ శతాబ్దంలో కట్టిన బుక్కరాయసముద్రం చెరువు వాన నీటిని పట్టి, ఆ ఏటి రాబడిని ఆ ఏడే పంచేది. వాన తక్కువైతే చెరువు తగ్గేది. రైతు పంట తగ్గించుకునేవాడు. ఆదాయానికి తగ్గ ఖర్చు అది. తరువాత బోర్లు వచ్చాయి. రెండు వందల అడుగుల్లో పడిన నీరు ఐదు వందలకు, ఆపై వెయ్యి అడుగులు దాటి కిందికి పోయింది. కొత్త బోరు పడిన రోజున ఆకాశానికి ఎగిసే నీటిధారను చూసి ఊరంతా పండుగ చేసుకునేది. మరుసటి ఏడు పక్క చేని బోరు ఎండేది. ఆ ఎగిసిన ధార రాబడి కాదు. తాతల నాటి నిల్వ.

మనవరాలికి నేను ఆమె డబ్బుల డబ్బా ఉదాహరణ చెప్పాను. నెలనెలా వచ్చే పది డాలర్లలో ఖర్చు చేస్తే అది రాబడి. డబ్బా పగలగొట్టి ఖర్చు చేస్తే చేతిలో ఒక్కసారిగా చాలా డబ్బు కనిపిస్తుంది, కాని డబ్బా ఉండదు. హిమానీనదం ఆ డబ్బా వంటిది. చలికాలంలో కురిసిన మంచును దాచి, ఎండాకాలంలో కొద్దికొద్దిగా విడిచేది. ఇప్పుడు పైన పడే మంచు కంటే కింద కరిగేది ఎక్కువ. సరస్సు పెరగడమే డబ్బా పగిలిందనడానికి గుర్తు. ఆ పాప కొంతసేపు ఆలోచించి, “అయితే నేను పెద్దయ్యాక?” అని మాత్రం అడిగింది. ఆ రెండో ప్రశ్నకు ఆమె తల్లిదండ్రులు, మేము, మీరు కలిసి జవాబు చెప్పవలసి ఉన్నది.

అటువంటి సరస్సుల చెంత ఆ దేశం విధించిన నియమాల అంతరార్థం నాకు అప్పుడు బోధపడింది. ఒక సరస్సులో తడిసిన బూట్లను, పడవలను శుభ్రంగా కడిగి, ఆరబెట్టనిదే మరొక సరస్సు వద్దకు తీసుకువెళ్ళరాదు. 2004లో అక్కడి ఒక నదిలో తొలిసారి కనిపించిన డిడిమో అనే నాచు, ఒక్క తడి చుక్కతో కొత్త చోటికి చేరగలదు. పాత్రల నీరు ఒడ్డున పోయరాదు. చెత్త వెంట తెచ్చుకోవాలి. ఎంత విస్తారమైన నీటి ముందైనా మనిషి తన వాటా చెంబుడే అని గుర్తుంచుకోవడం వీటన్నిటి సారం. ఇస్లాం దీనినే అమానత్ అంటుంది. అప్పగించినవాడు లెక్క అడుగుతాడన్న స్పృహతో వాడుకోవడం.

న్యూజిలాండ్ వెళ్ళగలిగినవారు ఆ సరస్సులను తప్పక చూడాలి; పిల్లలను నడిపించి చూపాలి. వెళ్ళలేనివారు ఏమీ కోల్పోయినట్టు కాదు. ఆ పాఠం మన వీధిలోనే సాధన చేయవచ్చు. మేము తిరిగి వచ్చాక మా మొహల్లా మస్జిద్ కమిటీతో మాట్లాడాము. వుజూఖానా కొళాయిలకు నీటి ధార తగ్గించే బిరడాలు బిగించారు. మురుగు కాలువలోకి పోతున్న వుజూ నీటిని ప్రాంగణంలో తవ్విన ఇంకుడు గుంతకు మళ్ళించారు. ఖర్చు కొద్దిపాటిదే, జుమా చందాతో సరిపోయింది. పాఠకుల ఊళ్ళలోని మస్జిద్‌లలో రోజుకు ఐదు వేళలా ఎంత నీరు నేలకు చేరకుండా పోతున్నదో ఒక్క శుక్రవారం నిలబడి గమనించండి. ఆ గుంత ఎక్కడ తవ్వాలో మీకే తెలుస్తుంది.